ఇంట్లో ఉండిపోయిన నోరు

సారును సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా గల్లీలో పాలు పోసే అవ్వ. అనంతగిరి నుంచి అల్లుడి ట్రాలీ ఆటోలో పాలక్యాన్లు వేసుకుని రోజూ కోదాడకు వచ్చేది. ఆ పొద్దున గిన్నెలో పాలు పోయకుండానే గడప ముందు నిలబడింది.

"బిడ్డా, సారుకు దమ్ము ఆడుతలేదంట. తెల్లారంగనే సూర్యాపేటకు తోల్కపోయిన్రు. నోరు ఇంట్లనే ఉండిపోయింది" అన్నది.

కొత్తవాళ్ళు వింటే ముసలామెకు మతి పోయిందనుకునేవారు. నేను మాత్రం చేతిలో ఉన్న హారతి పళ్ళెం అక్కడే గడప మీద దించేశాను. ఆ ఇంట్లో నోరు అంటే కంప్యూటరు. ఆ కంప్యూటరు లోపలి పని చేసిందాన్ని నేనే.

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను కాబట్టి కొంచెం వెనక్కి పోయి చెప్పాలి.

నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. తెలుగు, లెక్కలు మా నాన్న ఇంట్లోనే దిద్దించాడు. ఇంగ్లీషు అక్షరాలు మా మేనమామ షాపులో కీబోర్డు మీద నేర్చుకున్నాను. అందుకే చాలా రోజులు నాకు ఇంగ్లీషులో మొదటి అక్షరం ఏదంటే క్యూ. కోదాడ బస్టాండు దగ్గర ఆ రిపేరు షాపే నాకు బడి, కచేరీ, అన్నం పెట్టిన చోటు. నన్ను అక్కడ కూర్చోబెట్టిన మామయ్యకు, కూర్చోవాలన్న బుద్ధి పుట్టించిన నరసింహస్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.

మా షాపుకు ఎక్కువ పని మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి వచ్చేది. వడ్ల లారీలు తూచే కాంటా గదుల్లో పాతకాలం కంప్యూటర్లు ఉండేవి. కాంటా మీదికి లారీ ఎక్కినప్పుడల్లా గది అదిరేది, తవుడు దుమ్ము సందుసందునా దూరేది. హార్డ్ డిస్కులో పళ్ళెం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, ఆ అదురుకూ దుమ్ముకూ అది ఎన్నాళ్ళు ఆగుతుంది? పాడైతే అంత చిన్న పాత డిస్కు బజారులో దొరకదు. కొత్తది పెడితే అంత పెద్దదాన్ని పాత కంప్యూటరు గుర్తే పట్టదు.

దానికి మామయ్య హైదరాబాదు నుంచి ఒక ఉపాయం తెచ్చాడు. అరచేతిలో పట్టే పచ్చని బిళ్ళ, పేరు అడాప్టరు. ఒక పక్క పాత కంప్యూటర్లోని వెడల్పాటి పట్టీ తీగ దిగుతుంది. ఇంకో పక్క ఫోటో స్టూడియోవాళ్ళు కెమెరాలో వేసుకునే కార్డు దూరుతుంది. కంప్యూటరు ఆ కార్డును చూసి తన పాత డిస్కే వచ్చిందనుకుంటుంది. తిరిగేది లేదు, అరిగేది లేదు. "మేనత్త కొడుక్కు మీసాలు పెట్టి పెళ్ళికొడుకని తెచ్చినట్టు" అనేవాడు మామయ్య. మిల్లుల్లో ఎన్ని బిగించామో లెక్కలేదు.

సారు ఇంటికి మేం పోయింది కూడా ఆ బిళ్ళ పట్టుకునే.

సారు మా కోదాడలోనే ఉండే లెక్కల మాస్టారు. రిటైరు కాకముందే నరాల జబ్బు పట్టుకుంది. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత నాలుక. మేం చూసేనాటికి కళ్ళు, కుడికాలి బొటనవేలు మాత్రమే ఆయన చెప్పిన మాట వినేవి. తలకాయ మాత్రం ఎప్పటిలాగే పాదరసం. ఆయన దగ్గర చదువుకున్న శిష్యుడొకడు ఎప్పుడో ఒక ప్రోగ్రాం రాసిచ్చాడు. తెర మీద తెలుగు అక్షరాలు వరసలుగా ఉంటాయి. ఒక్కో వరస వెలిగి ఆరుతుంది. తనకు కావలసిన వరస వెలిగినప్పుడు సారు బొటనవేలితో ఒక మీట నొక్కుతాడు. తర్వాత ఆ వరసలో ఒక్కో అక్షరం వెలుగుతుంది, మళ్ళీ నొక్కుతాడు. అట్లా ఒక మాట కావడానికి పొయ్యి మీద పాలు పొంగేంత సేపు పట్టేది. ఆ మాటను అమ్మ, అంటే సారు భార్య, గట్టిగా చదివేది.

ఆ శిష్యుడు ఏ దేశం పోయాడో ఎవరికీ జాడ లేదు. ప్రోగ్రామును కొత్త కంప్యూటరులో వేసి చూస్తే వరసలు ఎక్స్‌ప్రెస్ బండిలా ఉరికిపోయాయి. దాని నడక పాత కంప్యూటరు నడకకు ముడిపడి ఉంది. అందుకని ఆ ముసలి పెట్టెనే బతికించుకోవాలి. దాని డిస్కు అప్పటికే టకటకమంటూ ఉంది.

అమ్మది జగ్గయ్యపేట వైపు. ఆమె ఆ పెట్టెను ఎన్నడూ ఆపేది కాదు. అఖండ దీపమంటే ఎట్లా చూసుకుంటారో అట్లా చూసుకునేది. కరెంటు పోతే ఇన్వర్టరు. పైన ఎర్ర గుడ్డ, మానిటరుకు రోజూ బొట్టు. "ఆరిపోతే అశుభం కదమ్మా" అనేది. నవ్వకండి. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన పాత డిస్కు ఒక్కసారి ఆగి చల్లబడితే మళ్ళీ తిరగకపోవచ్చు. ఆమె భక్తితో చేసిందే మా శాస్త్రంలోనూ సరైంది.

అందుకే ముందు నడుస్తుండగానే అంతా ఫ్లాపీల మీదికి ఎక్కించుకుని, తర్వాతే ఆపాలని నేనూ మామయ్యా దారిలో అనుకున్నాం. నేను సంచీలోంచి ఫ్లాపీలు తీస్తున్నాను. వెనక టక్కున చప్పుడు. మామయ్య స్విచ్చి కట్టేశాడు.

మిల్లులో అలవాటు అది. మిల్లులో ముందు మెయిన్ తీయాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. లేకపోతే బెల్టు చేతిని తీసుకుపోతుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి అది, బుర్రను అడగదు.

"అయ్యో, ఆపేశారా!" అని అమ్మ గోడకు చేరగిలబడిపోయింది.

మళ్ళీ స్విచ్చి వేస్తే డిస్కు లేవలేదు. సారు కళ్ళు మా ముగ్గురి మీదా తిరుగుతున్నాయి. ఏమీ అనడానికి లేదు ఆయనకు. ఆయన ఏదైనా అనగలగాలనే కదా మేం వచ్చింది.

మామయ్య స్క్రూడ్రైవరు తీశాడు. డిస్కును విప్పి అరచేతిలో పట్టుకున్నాడు. "బిడ్డా, నేను అన్నప్పుడు కరెంటియ్యి" అన్నాడు. ఇచ్చిన క్షణంలో, అతుక్కుపోయిన పళ్ళెం విడివడాలని, తాళం తిప్పినట్టు మణికట్టు విదిలించాడు. కదల్లేదు. మళ్ళీ. మళ్ళీ. నేను లోపల స్వామిని తలుచుకుంటూనే ఉన్నాను. ఏ విదిలింపుకో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. పళ్ళెం తిరిగింది. "కదలకు మామయ్యా, అట్లనే పట్టుకో" అన్నాను. అడాప్టరులో స్టూడియోవాళ్ళు దయతో ఇచ్చిన పాత కార్డు ఉంది, ఎవరి పెళ్ళి ఫోటోలు మోసిన కార్డో. డిస్కులో ఉన్నదంతా దాని మీదికి దిగేదాకా మామయ్య ఆ డిస్కును పసిగుడ్డులా పట్టుకుని నిలబడ్డాడు. దిగడం అయింది. డిస్కు ఆగిపోయింది. ఇక ఎన్నడూ తిరగలేదు.

కార్డుతో పెట్టె లేచినప్పుడు అసలు చప్పుడే లేదు. తెర మీద వరసలు వెలిగాయి. మీట సారు వేలి కింద పెట్టాం. అందరం తెరనే చూస్తున్నాం, ఏం తిడతాడో అని. అక్షరం తర్వాత అక్షరం వచ్చింది. అమ్మ చదివింది.

"ముందు ఆయనకు చాయ్ పొయ్యి. చేతులు వణుకుతున్నయ్."

మామయ్య బయటికి పోయి నల్లా దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. ఆ తర్వాత ఎక్కడికి పోయినా స్విచ్చి ముట్టేముందు ఇంటివాళ్ళ ముఖం చూసేవాడు. పిల్లలూ, ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవరు. మా ఇంట్లో ఇది శ్లోకం.

ఇప్పుడు మళ్ళీ ఆ పొద్దున్నకు వద్దాం.

అవ్వ చెప్పగానే చెప్పులు వేసుకుని సారు ఇంటికి ఉరికాను. పక్కింటివాళ్ళ దగ్గర తాళం ఉంది. పెట్టె వెలుగుతూనే ఉంది, వరసలు ఎవరి కోసమో నడుస్తూనే ఉన్నాయి. పాత డిస్కే ఉండి ఉంటే దాన్ని ఇంట్లోంచి కదపడం అంటే చంపడమే. కార్డు కాబట్టి ధైర్యం చేశాను. స్విచ్చి కట్టేసి, పెట్టె, మానిటరు, మీట అన్నీ అవ్వ అల్లుడి ట్రాలీలో క్యాన్ల మధ్య పాత దుప్పట్లు వేసి పెట్టాం. అవ్వ కూడా ఎక్కింది. "నా పాలు ఒక్కపూట పోకుంటే ఎవల పానం పోదు" అన్నది.

తెలంగాణ కోసం రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటలు చేసిన రోజులవి. సగం దారిలో బండ్లన్నీ ఆగి ఉన్నాయి. నడిరోడ్డు మీద అన్నం ఉడుకుతోంది. ఒక అబ్బాయి జెండాతో అడ్డం వచ్చాడు.

"పాలబండా? పాలైతే పో. ఈ టీవీ ఏందవ్వా, ఎత్తుకపోతున్నవా?"

"టీవీ గాదుర, ఒక సారు నోరు. ఆయన గాడ దవాఖానల ఉన్నడు, నోరు గీడ ఉన్నది. జరుగు!"

వాడికి ఏమీ అర్థం కాలేదు. కానీ అవ్వ గొంతులో ఏం విన్నాడో, పొయ్యి పక్కనుంచి బండిని తనే దగ్గరుండి దాటించాడు. వాడెవరో, చల్లగా ఉండాలి.

దవాఖానలో సారు ముఖానికి ఆక్సిజన్ తొడుగు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. వరండా నిండా మాడుగులపల్లి నుంచి వచ్చిన చుట్టాలు. సారు సొంతూరు అది. వాళ్ళ ముందు సారు అన్న నిలబడి ఉన్నాడు. పెద్దాయన, వ్యవసాయం, గొర్లు. తమ్ముణ్ణి చదివించి మాస్టారును చేసింది ఆయనే. డాక్టరు ఆయనతోనే మాట్లాడుతున్నాడు.

"గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలి, హైదరాబాద్ పంపాలి. ఈ జబ్బుకు ఒకసారి పెడితే మళ్ళీ తీయడం కష్టం. మిషన్ మీదే ఉండిపోవచ్చు. పేషెంటుకు తెలివుంది కదా, ఆయన్ను అడిగారా?"

ఎవరూ అడిగి ఉండలేదు. మనలో రోగికి రోగం సంగతి చెప్పం. చుట్టూ పదిమంది కూర్చుని "ఏం గాదు, రేపటికల్లా లేస్తవ్" అంటాం. చావు మాట ఆయన ముందే ఎత్తితే మనమే పిలిచినట్టని భయం.

"అడిగేదేముంది సారూ, పెట్టున్రి" అన్నాడు పెద్దాయన.

అప్పుడే మేం పెట్టె దించుతున్నాం. ఆయన చూశాడు. గబగబా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నీకు దండం పెడ్త. అది లోపల పెట్టకు."

"ఏం పెద్దయ్యా?"

"వాడు వద్దంటడు. వాని సంగతి నాకు ఎరుకే. వద్దని వాని నోటెంట వచ్చినంక నేనేం జెయ్యాలె? ఆపితే ఊరు నన్ను బత్కనిస్తదా? తమ్ముని పొలం కలుపుకోనీకి సంపిండు అంటరు. వాడు సెప్పకుంటే నాకు మంచిది."

 ఆయనది స్వార్థం అనుకోకండి. ఆయన చేతులు ప్రార్థన చేసేవాడి చేతుల్లా ఉన్నాయి. తమ్ముడు పోవడం ఒక భారం. తనే పోనిచ్చాడనిపించుకోవడం ఇంకో భారం. రెండూ ఒకేసారి ఆయన తల మీదికి వస్తున్నాయి.

అమ్మ లోపలి నుంచి వచ్చింది. మా ఇద్దరినీ చూసింది. పెద్దాయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి నావైపు తిరిగి, "ప్లగ్గు మంచం వెనకుందమ్మా" అంది. అంతే.

పెద్దాయన పక్కకు జరిగాడు.

స్విచ్చి వేసే ముందు స్వామిని తలుచుకున్నాను. అన్ని గుంతల్లో ఎగిరొచ్చిన పెట్టెకు క్యాన్లు తగిలి ఒక మూల సొట్ట పడింది. కార్డు మీద ఉన్నదేదీ చెక్కు చెదరలేదు. వరసలు వెలిగాయి. సారు కళ్ళు ఆ తెరను చూసిన చూపు నేను చెప్పలేను. తప్పిపోయిన పిల్లాడు జాతరలో తల్లి చీర కొంగు చూసినట్టు.

అమ్మ మంచం పక్కన వంగింది. ఎవరూ అడగని మాట తను అడిగింది.

"గొంతులో గొట్టం వేస్తారట. వేస్తే మళ్ళీ తీయరట. వేయమంటారా?"

వేలు కదిలింది. వరస ఆగింది. అక్షరం ఆగింది. డాక్టరు తలుపు దగ్గరే నిలబడి చూశాడు.

వద్దు.

డాక్టరు తల ఊపి, "సరే, ఆయన ఇష్టం" అని ఇంకో పేషెంటు పిలిస్తే వెళ్ళాడు. చుట్టాలు అంతకుముందు కొంతసేపు తొంగిచూశారు. అక్షరాలు వచ్చే తీరుకు విసుగొచ్చి, ఆ మాట పూర్తి కాకముందే చాయ్‌కి పోయారు. గదిలో మిగిలింది అమ్మ, పెద్దాయన, నేను.

"తమ్మీ" అన్నాడు పెద్దాయన. కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, తల దగ్గరికి రాలేదు. "ఇంకోపారి ఆలోసన జెయ్. నేను తట్టుకోలేనురా."

చాలాసేపు వేలు కదల్లేదు. వరసలు పైనుంచి కిందికి, పైనుంచి కిందికి ఊరికే నడిచాయి. అయిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు ఒక వరస ఆగింది. అన్నా, అని వచ్చింది. తర్వాత ఊపిరి కోసం ఆగి ఆగి, ఒక్కో అక్షరం. అమ్మ ఈసారి చదవలేదు, పైట నోట్లో కుక్కుకుంది. పెద్దాయనకు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆయనే చదివాడు.

"అన్నా. ఊర్ల అడిగితే తమ్ముడే వద్దన్నడని చెప్పు. నిన్ను ఏమనొద్దన్నడని చెప్పు."

పెద్దాయన తమ్ముడి పాదం పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు గది చీకటైంది, మళ్ళీ వెలిగింది. పెట్టె కూడా తనంతట తను లేచింది. ఏ టకటకా లేదు. కార్డు, అడాప్టరు చేయాల్సిన పని చేశాయి. తెర మీద అక్షరాల వరసలున్నాయి. కింద సారు రాసిన చోటు ఖాళీ.

"ఏడవోయింది?" అన్నాడు పెద్దాయన.

"ఈ ప్రోగ్రాం మాటలు దాచుకోదు పెద్దయ్యా. చూపిస్తది, అంతే. కరెంటు పోతే పోయినట్టే."

ఆయన లేచి తెర దగ్గరికి వచ్చాడు. ఖాళీ చోట వేలు పెట్టి తడిమాడు. వరండాలో చుట్టాల గొంతులు మళ్ళీ దగ్గరికి వస్తున్నాయి.

"మల్ల ఒక్కపారి రాయమందామా పెద్దయ్యా? అందరు సూస్తరు" అన్నాను.

ఆయన తమ్ముడి వైపు చూశాడు. సారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కుపుటాలు తప్ప ఏమీ కదలడం లేదు. ఆ రెండు మాటలకే ఒంట్లో ఉన్నదంతా ఖర్చైపోయింది. ఇంకోసారి అడిగితే లేచి రాసేవాడే, అన్న కోసం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"వద్దు బిడ్డా" అన్నాడు పెద్దాయన. "అలిసిండు. పండుకోనియ్యి."

సారును ఇంటికి తెచ్చారు. నోరు పక్కనే పెట్టాం. నీళ్ళు, తిప్పు, ఫ్యాను, ఇట్లాంటి చిన్న మాటలు కొన్ని వచ్చాయి. ఆ వారం దాటలేదు.

పెద్దకర్మ నాడు వంటపందిరి దగ్గర నేను విన్నవన్నీ విన్నట్టు రాస్తే కాగితం మైలపడుతుంది. "పొలం కలిసొచ్చె గద పెద్దాయనకు" అన్నారు. "హైదరాబాద్ తోల్కపోతే బతికేటోడే" అన్నారు. పెద్దాయన చెప్పాడు, తమ్ముడే వద్దన్నాడని. డాక్టరు కూడా చూశాడన్నాడు. "డాక్టరుకు నువ్వేం జెప్పినవో" అన్నారు. అమ్మ చెప్పింది. "ఆమె ఆయన నీడన బత్కాలె, ఇంకేమంటది" అన్నారు. నేను చెప్పాను. ఒకాయన పళ్ళు కుట్టుకుంటూ, "కంప్యూటరు ఆమె ఏది కొడితే అదొస్తది" అన్నాడు.  పెద్దాయన వడ్డన దగ్గరికి పోయి, ఆ మాటలన్నవాళ్ళ విస్తళ్ళలోనే అన్నం వేశాడు.

తర్వాత ఒక కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లు దగ్గర కనిపించాడు. నేను కాంటా గదిలో అడాప్టరు మార్చడానికి పోయాను. ఆయన వడ్ల ట్రాక్టరుతో వరసలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, ఇప్పుడు మాటలను దాసిపెట్టే డబ్బాలు వచ్చినయా?"

"వచ్చినయ్ పెద్దయ్యా. ఫోన్లల్ల కూడా దాసుకోవచ్చు."

"మంచిది. ఇగ ఎవలకూ గట్ల పోవు" అన్నాడు. వెనక ట్రాక్టరువాడు హారను కొడితే పోయి తన బండి ముందుకు జరుపుకున్నాడు.

ఇప్పుడు ఆయన లేడు. అమ్మా లేదు. మా మామయ్య పోయాడు, షాపు మూసేశాం. సారు పెట్టెలోని ఆ పచ్చబిళ్ళ నా పూజగదిలో ఉంది. అది సారు నోటిని దవాఖాన దాకా చేర్చింది, అక్కడి నుంచి మాటను ఊరిదాకా చేర్చడం దాని పని కాదు. ఆ పని నాకు మిగిలింది. సారు అన్నకు రాసిన ఆ మాటను తెర మీద చూసినవాళ్ళలో మిగిలింది నేను ఒక్కదాన్నే కాబట్టి, ఇన్నేళ్ళు చూపు ఉంచినందుకు స్వామికి దండం పెట్టి రాస్తున్నాను.

సారును తలుచుకునే శిష్యులు ఊరూరా ఉన్నారు, ఆయనకు కొదవ లేదు. మీరు ఎప్పుడైనా ఏ తెర మీదనైనా ఒక మాట దాచుకునేటప్పుడు, ఆయన అన్నను ఒక్కసారి గుర్తు చేసుకోండి. తన మీద నింద పోగొట్టే మాట ఇంకొక్కసారి రాయించుకోగలిగీ, తమ్ముడు అలిసిపోయాడు, పడుకోనియ్యి అన్న ఆ పెద్దాయనను.